గుడారంలో పొయ్యి: మంట లోపల, పొగ బయట

గుడారంలో కట్టెల పొయ్యి వెలిగించవచ్చా? ఈ ప్రశ్న మన ఊళ్లో ఎవరినడిగినా ఒకటే జవాబు వస్తుంది. "మతి ఉండే అడుగుతున్నావా? గుడ్డ అంటుకుంటుంది, లేదంటే పొగకు ఊపిరాడక చస్తారు" అంటారు. ఆ జవాబులో రెండు భయాలున్నాయి. రెండూ నిజమైనవే. అయినా కెనడాలో, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో, ఫిన్లాండ్, స్వీడన్ దేశాల్లో మైనస్ 20, మైనస్ 30 డిగ్రీల చలిలో కూడా మనుషులు పలుచని గుడారంలో కట్టెల పొయ్యి పెట్టుకుని, స్వెట్టర్ తీసి పక్కన పెట్టి, టీ కాచుకుని తాగుతున్నారు. ఆ పొయ్యిని మడిచి, వీపున మోసే సంచిలో పెట్టుకుని కొండలెక్కుతున్నారు. ఇది ఎలా సాధ్యం? ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

వార్షికోత్సవ సంచికకు ఏదైనా సైన్సు వ్యాసం రాయమని హాస్టల్ తమ్ముళ్లు అడిగినప్పుడు ఈ అంశాన్ని ఎంచుకోవడానికి మాకు మూడు కారణాలు కనిపించాయి. మొదటిది, కొండలెక్కడం ఇప్పుడు డబ్బున్నవాళ్ల పిల్లల సరదా మాత్రమే కాదు. మనలాగే సాంఘిక సంక్షేమ శాఖ నీడన చదువుకున్న మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కి మనందరి తలలు ఎత్తుకునేలా చేశారు. అప్పటికి పూర్ణకు ఇంకా 14 ఏళ్లు నిండలేదు. రెండవది, చలికాలంలో లంబసింగి, వనజంగి వెళ్లి గుడారాల్లో పడుకునే కుర్రాళ్లు ఏటేటా పెరుగుతున్నారు. మూడవ కారణం మా ఇళ్లలోనిది. మా బ్యాచ్‌లో చాలామందిమి ఇంట్లో మొదటి డిగ్రీ చదివినవాళ్లం. కట్టెల పొగలో కూర్చుని, దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ అమ్మలు వండిన అన్నం తిని ఇంతవాళ్లమయ్యాం. గుడారంలో పొయ్యి గురించి చదివేకొద్దీ అమ్మ పొయ్యి గురించే ఎక్కువ ఆలోచన వచ్చింది. ఎందుకో చివర చెబుతాం.

ఎవరి అవసరం ఇది?

చలి దేశాల్లో గుడారంలో నిప్పు చాలా పాత అలవాటు. ఉత్తర అమెరికా మైదానాల్లోని ఆదివాసులు 'టిపి' అనే శంఖాకారపు గుడారంలో నడిమధ్యన మంట వేసుకునేవారు. పైకొసన పొగ పోవడానికి సందు ఉండేది. ఆ సందుకు రెండు చెవుల లాంటి తోలు రెక్కలుండేవి. గాలి ఏ దిక్కు నుండి వీస్తే దానికి తగ్గట్టు ఆ రెక్కలను కర్రలతో తిప్పుకునేవారు.

ఆ టిపిని చూసి అమెరికా సైన్యాధికారి హెన్రీ హాప్కిన్స్ సిబ్లీ ఒక గుడారం తయారుచేసి 1856లో పేటెంటు పొందాడు. పన్నెండు మంది సైనికులు పట్టే గుండ్రని గుడారం అది. దానికి తగినట్టు సిబ్లీ పొయ్యి కూడా వచ్చింది. ఇనప రేకుతో చేసిన గరాటును బోర్లించినట్టు ఉండేది. అడుగు లేదు. నేల మీదే కట్టెలు పేర్చి, పైన గొట్టం తగిలించేవారు. బరువు సుమారు 8 కిలోలు. అప్పట్లో అదే తేలిక! సైన్యం బండ్ల మీద మోసుకుపోయేది కాబట్టి సరిపోయింది.

కాలినడకన పోయేవాడికి 8 కిలోల పొయ్యి ఎందుకూ పనికిరాదు. తిండి, బట్టలు, పక్క, గుడారం అన్నీ అతడి వీపు మీదే ఉండాలి. అందుకే గొట్టంతో సహా ఒకటి రెండు కిలోలకు మించని మడత పొయ్యిలు తయారయ్యాయి. చలికాలంలో రాకీ పర్వతాల అడవుల్లో తిరిగే వేటగాళ్లు, మంచు మీద బల్ల బండి లాగుకుంటూ పోయే యాత్రికులు వీటిని వాడతారు. పొయ్యి పెట్టుకునే వీలున్న గుడారాన్ని అక్కడ 'హాట్ టెంట్' అంటారు. తడిసిన మేజోళ్లు ఆరబెట్టుకోవడానికి, మంచును కరిగించి తాగునీరు చేసుకోవడానికి, గడ్డకట్టిన చేతివేళ్లకు మళ్లీ కదలిక తెచ్చుకోవడానికి అది ఆధారం.

పొయ్యి ఎలా ఉంటుంది?

మన హాస్టల్లో ప్రతి ఒక్కరి మంచం కింద ఉండే ట్రంకు పెట్టెను గుర్తు తెచ్చుకోండి. దాన్ని ఒక అడుగు పొడవుకు కుదించి, నాలుగు సన్నని కాళ్లు తగిలించి, ముందువైపు చిన్న తలుపు, పైన ఒక గుండ్రని రంధ్రం పెడితే అదే గుడారం పొయ్యి. తలుపుకు గాలి వెళ్లడానికి చిల్లులుంటాయి. వాటిని మూసి తెరవడానికి ఒక రేకు బిళ్ల ఉంటుంది. పైరంధ్రంలో పొగ గొట్టం నిలబెడతారు. ఆ గొట్టంలో అడ్డంగా తిరిగే మరో రేకు బిళ్ల ఉంటుంది. దాన్ని 'డ్యాంపర్' అంటారు. మంట ఎక్కువైతే దాన్ని కొంచెం తిప్పి పొగ వేగాన్ని తగ్గిస్తారు.

ఈ పెట్టె పలకలన్నీ ఊడదీసి, పుస్తకంలా ఒకదాని మీద ఒకటి పెట్టుకోవచ్చు. రెండు మీటర్లకు పైగా పొడవుండే గొట్టం సంచిలో ఎలా పడుతుందని అనుమానం రావచ్చు. అది గొట్టంగా రాదు. కాగితమంత పలుచని రేకుగా వస్తుంది. చాప చుట్టినట్టు పొడవువైపు చుట్టి, అక్కడక్కడ రింగులు తొడిగితే గొట్టమవుతుంది. తిరుగు ప్రయాణంలో అడ్డంగా చుట్టి చేతి మందాన సంచిలో పెట్టుకుంటారు.

ఈ రేకు ఎక్కువగా టైటానియం. ఘనపు సెంటీమీటరు ఇనుము బరువు 7.8 గ్రాములుంటే, టైటానియం 4.5 గ్రాములే. 1,668 డిగ్రీల దాకా కరగదు, తుప్పు పట్టదు. మొదటిసారి వేడెక్కినప్పుడు దాని మీద నీలం, ఊదా రంగులు తేలుతాయి. రంగు పూసినట్టుండే ఆ మెరుపు పైన ఏర్పడిన ఆక్సైడు పొర వల్ల వస్తుంది. కొత్త పొయ్యిని మొదటిసారి ఆరుబయటే మండించాలి. చుట్టిన గొట్టం ఆ వేడికి గుండ్రని ఆకారానికి అలవాటు పడుతుంది. రేకు మీద ఉన్న నూనె జిడ్డు కూడా బయటే కాలిపోతుంది.

ఇనుముకూ ఒక మంచి గుణం ఉంది. కొంచెం బరువు, కాని చవక. బండి మీదో, పడవలోనో పోయేవాడు ఇనప పొయ్యే తీసుకుపోతాడు. వీపున మోసేవాడు మాత్రమే ఎక్కువ డబ్బు పోసి బరువు తగ్గించుకుంటాడు.

అసలు పని గొట్టానిదే

చాలామంది పొయ్యి అంటే పెట్టె అనుకుంటారు. నిజానికి ప్రాణం కాపాడేది గొట్టం. అది పొగను ఎలా లాగుతుందో చూద్దాం.

వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుందని, తేలికై పైకి పోతుందని హైస్కూల్లో చదువుకున్నాం. ఎంత తేలిక? 20 డిగ్రీల గాలితో పోలిస్తే 300 డిగ్రీల గాలి సాంద్రత సుమారు సగమే. గొట్టం నిండా అలాంటి తేలిక వాయువు నిలబడి ఉంటుంది. బయట అంతే ఎత్తున చల్లని, బరువైన గాలి నిలబడి ఉంటుంది. ఈ రెండూ త్రాసులో రెండు పళ్లాల లాంటివి. బరువైన గాలి కిందికి దిగి, పొయ్యి తలుపు చిల్లుల్లోంచి లోపలికి తోసుకొస్తుంది. తేలిక వాయువు పైకి పోతుంది. మన అమ్మలు ఊదుడు గొట్టంతో ఊది ఊది చేసే పనిని ఇక్కడ గాలి తనంతట తానే చేస్తుంది. గొట్టం ఎంత పొడవుంటే, ఎంత వేడిగా ఉంటే, బయట ఎంత చలిగా ఉంటే లాగే బలం అంత పెరుగుతుంది.

దీని నుండి ఒక ముఖ్యమైన సంగతి తేలుతుంది. చల్లని గొట్టం లాగదు. పొయ్యి వెలిగించిన మొదటి నిమిషంలో పొగ వెనక్కి తిరిగి గుడారంలోకి రావడానికి కారణం అదే. అందుకే ముందుగా కాగితమో, బెరడో, సన్నని చిదుగులో గుప్పున మండించి గొట్టాన్ని వేడి చేస్తారు. తరువాతే పెద్ద పుల్లలు వేస్తారు. నిప్పు చల్లారే వేళ కూడా గొట్టం చల్లబడుతుంది. అప్పుడు మళ్లీ లాగే బలం తగ్గుతుంది. ఈ రెండో సంగతిని మనసులో పెట్టుకోండి. ప్రమాదం దాగి ఉన్నది అక్కడే.

గొట్టం కొస గుడారం కన్నా పైకి ఉండాలి. కొసన సన్నని జాలీ పెడతారు. నిప్పురవ్వలు ఎగిరి గుడారం మీద పడకుండా అది కొంతవరకు ఆపుతుంది. గాలి ఎక్కువగా ఉన్న చోట గొట్టానికి మూడు వైపుల తీగలు లాగి కడతారు.

ఎలాంటి కట్టె?

తడి కట్టె పొగ పెడుతుందని మనకెవరూ నేర్పనక్కరలేదు. కారణం లెక్కలో చూద్దాం. అప్పుడే కొట్టిన పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీరే ఉండవచ్చు. ఆ నీరంతా ఆవిరయ్యాక గాని కట్టె సరిగా మండదు. ఒక కిలో నీటిని ఆవిరి చేయడానికి 22 లక్షల జౌళ్లకు పైగా వేడి ఖర్చవుతుంది. బాగా ఆరిన కట్టె కిలోకు సుమారు 150 లక్షల జౌళ్ల వేడినిస్తుంది. వంటగ్యాసుతో పోలిస్తే అది మూడో వంతు. అంటే మూడు కిలోల ఎండు కట్టె ఒక కిలో గ్యాసుకు సమానం. అయితే ఆ వేడిలో పెద్ద భాగం గొట్టం గుండా ఆకాశానికి పోతుంది. చిన్న పొయ్యిలో ఇది తప్పదు.

మంచు అడవిలో ఎండు కట్టె ఎక్కడిది? నేల మీద పడి ఉన్నది తడిసి ఉంటుంది. నిలబడే ఎండిపోయిన చెట్టు లోపలి భాగం పొడిగా ఉంటుంది. అనుభవం ఉన్నవాళ్లు అలాంటి సన్నని చెట్టును కోసి, ముక్కలుగా చీల్చి, బొటనవేలి మందం పుల్లలు చేసుకుంటారు. పొయ్యి చిన్నది కాబట్టి మొద్దులు పట్టవు. పుల్లలు చిన్నవి కాబట్టి త్వరగా కాలిపోతాయి. పావుగంటకో, అరగంటకో ఒకసారి వేస్తూనే ఉండాలి.

ఇంకో లాభం కూడా ఉంది. ఒక కిలో ఎండు కట్టె మండినప్పుడు దానిలోని హైడ్రోజన్ వల్ల దాదాపు అరకిలో నీటి ఆవిరి కొత్తగా పుడుతుంది. పొయ్యికి గొట్టం ఉంటే ఆ ఆవిరి బయటికి పోతుంది, గుడారం పొడిగా ఉంటుంది. గొట్టం లేని గ్యాసు స్టవ్వు వెలిగిస్తే ఆవిరంతా గుడారం గోడలకు పట్టి, గడ్డకట్టి, తెల్లారేసరికి దుప్పట్ల మీద కురుస్తుంది.

గుడ్డ అంటుకోదా?

మొదటి భయానికి ఇప్పుడు జవాబు చూద్దాం. తేలిక గుడారాలు ఎక్కువగా నైలాన్, పాలిస్టర్ గుడ్డతో చేస్తారు. ఇవి 220 నుండి 260 డిగ్రీల మధ్య కరిగిపోతాయి. మండుతున్న పొయ్యి గొట్టం వేడి 300 డిగ్రీలు దాటవచ్చు. కాబట్టి గొట్టం గుడ్డకు తగలకూడదు. గొట్టం బయటికి పోయే చోట గుడారానికి ఒక కిటికీ కోసి, అక్కడ సిలికాన్ పూసిన గాజునార గుడ్డను కుడతారు. గాజు అంటే మనం చూసే గాజే, దారాలుగా తీసి నేసినది. వేడిని అదే తట్టుకుంటుంది.

పొయ్యికి, గుడారం గోడకు మధ్య కనీసం ఒకటిన్నర అడుగుల ఎడం ఉంచాలి. దుప్పట్లు, చెప్పులు, కాగితాలు పొయ్యి పక్కన ఉండకూడదు. మంచు మీద పొయ్యి పెట్టవలసి వస్తే కింద పచ్చి దుంగలు పరుస్తారు. లేకపోతే వేడికి మంచు కరిగి పొయ్యి ఒకవైపు కుంగుతుంది, గొట్టం ఒరుగుతుంది. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఎగిరిన రవ్వ వల్ల గుడారానికి ఒకటి రెండు చిల్లులు పడటం మామూలే. వాటికి అతుకులు వేసుకుంటారు. రెండు తలుపులున్న మామూలు చిన్న గుడారంలో, నిలబడటానికి కూడా ఎత్తులేని దానిలో పొయ్యి పెట్టడానికి ఏ జాగ్రత్తా చాలదు. పొయ్యి కోసం కుట్టిన ఎత్తైన గుడారం వేరు.

కంటికి కనిపించని శత్రువు

రెండవ భయం మొదటిదాని కంటే పెద్దది. పొగ కళ్లను మండిస్తుంది, దగ్గు తెప్పిస్తుంది. అంటే పొగ మనల్ని హెచ్చరిస్తుంది. హెచ్చరించని వాయువు ఒకటుంది. దాని పేరు కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. కట్టెకు, బొగ్గుకు చాలినంత గాలి అందనప్పుడు ఇది పుడుతుంది. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోస్తుందని చదువుకున్నాం కదా! ఈ వాయువు హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. బస్సులో సీటు పట్టుకుని ఎన్ని స్టాపులొచ్చినా దిగని ప్రయాణికుడి లాంటిది. ఆక్సిజన్‌కు చోటుండదు. పది లక్షల పాళ్ల గాలిలో ఇది 200 పాళ్లుంటే రెండు మూడు గంటల్లో తలనొప్పి వస్తుంది. 1,600 పాళ్లుంటే 20 నిమిషాల్లోనే తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి మొదలై, గంట రెండు గంటల్లో ప్రాణం పోవచ్చు. నిద్రలో ఉన్నవాడికి తలనొప్పి కూడా తెలియదు.

అమెరికా నావికాదళపు అడ్మిరల్ రిచర్డ్ బర్డ్ చరిత్ర దీనికి పెద్ద ఉదాహరణ. 1934లో అంటార్కిటికా లోపలి భాగంలో, ప్రధాన శిబిరానికి సుమారు 200 కిలోమీటర్ల దూరంలో, మంచులో పాతిన ఒక చిన్న గదిలో ఆయన ఒంటరిగా చలికాలం గడిపాడు. వాతావరణ పరిశీలన ఆయన పని. గదిలో చమురు పొయ్యి ఉంది. దాని గొట్టం అతుకులు సరిగా బిగియలేదు. పైకొసన మంచు పేరుకునేది. పొయ్యి నుండి, రేడియో కోసం నడిపే ఇంజను నుండి విషవాయువు చేరి మే నెలాఖరుకు ఆయన కుప్పకూలాడు. పొయ్యి ఆర్పితే చలి చంపుతుంది, వెలిగిస్తే గాలి చంపుతుంది. తన కోసం మిత్రులు చీకటిలో బయల్దేరి ప్రాణాల మీదికి తెచ్చుకోకూడదని ఆ సంగతి దాచాడు. రేడియోలో ఆయన పంపే సందేశాలు తడబడటం గమనించి వాళ్లే అనుమానించారు. ముగ్గురు ఆగస్టులో ఆయన దగ్గరికి చేరుకున్నారు. బతికి బయటపడి, ఆ అనుభవాన్ని 'అలోన్' అనే పుస్తకంగా 1938లో ప్రచురించాడు. గొట్టం ఉంటే సరిపోదని, ఆ గొట్టం బిగుతుగా, తెరుచుకుని ఉండాలని ఆయన కథ చెబుతుంది.

మన సైనికులకూ ఈ ఇబ్బంది ఉంది. లడక్, సియాచిన్ వంటి చోట్ల గుడారాల్లో, బంకర్లలో 'బుఖారీ' అనే పొయ్యి వాడతారు. విషవాయువు ప్రమాదం లేకుండా పనిచేసేలా 'హిమ్ తాపక్' అనే కొత్త రకం బుఖారీని డిఆర్‌డిఓ తయారుచేసినట్టు 2021 జనవరిలో వార్తలొచ్చాయి.

ఇక ఎర్రగా కణకణలాడే బొగ్గుల సంగతి. పొగ రావడం లేదు కాబట్టి బొగ్గుల కుంపటి సురక్షితం అని మనవాళ్లు అనుకుంటారు. అది తప్పు. పొగలేని బొగ్గే ఎక్కువ కార్బన్ మోనాక్సైడ్ విడుస్తుంది. ఉత్తర భారతంలో 'అంగీఠీ' అనే కుంపటిని మూసిన గదిలో పెట్టుకుని కుటుంబాలకు కుటుంబాలే నిద్రలో పోయిన వార్తలు ప్రతి చలికాలం పత్రికల్లో చూస్తాం. మన పల్లెల్లో బాలింత గదిలో కుంపటి పెట్టే అలవాటు ఉంది. పాత పెంకుటిళ్లకు, తాటాకు ఇళ్లకు వెయ్యి సందులుండేవి కాబట్టి అలవాటు చాలావరకు గడిచిపోయింది. ఇప్పుడు స్లాబు వేసిన గదికి కిటికీ కూడా మూస్తే ఆ సందులెక్కడివి? గుడారం సంగతి చెప్పనే అక్కరలేదు. పూత పూసిన నైలాన్ గుడ్డ పాలిథీన్ కవరు లాంటిది.

నిప్పు దగ్గర ఒకరు మేలుకోవాలి

గుడారం పొయ్యి రాత్రంతా మండదు. పెట్టె చిన్నది, రేకు పలుచనిది. మంట ఆరిన కాసేపటికే గుడారం మళ్లీ బయటంత చల్లగా అవుతుంది. కాబట్టి పొయ్యి ఉంది కదా అని మంచి పక్కబట్టలు తీసుకుపోకుండా ఎవరూ వెళ్లరు. పడుకునే ముందు, లేచిన తరువాత మండించుకుంటారు. మధ్యలో ఆర్పేస్తారు.

రాత్రంతా మండాలంటే ఒక మనిషి మేలుకుని ఉండాలి. ఫిన్లాండ్ సైన్యంలో ఇది ఒక డ్యూటీ. గుడారంలో అందరూ పడుకుంటే వంతుల ప్రకారం ఒకడు పొయ్యి దగ్గర కూర్చుంటాడు. అతడిని 'కిపినామిక్కో' అంటారు. 'కిపినా' అంటే నిప్పురవ్వ, 'మిక్కో' అనేది మన రాముడు, సోముడు లాంటి పేరు. రవ్వల రాముడు అన్నమాట! కట్టె వేయడం, రవ్వలు చూడటం, ఎవరి దుప్పటి అయినా పొయ్యి వైపు జరిగితే లాగడం, తన వంతు అయ్యాక ఇంకొకరిని లేపడం అతడి పని. యంత్రాలెన్ని వచ్చినా ఈ డ్యూటీ పోలేదు.

ఇప్పుడు పైన మనసులో పెట్టుకోమన్న సంగతికి వద్దాం. పెద్ద మంట ఉన్నప్పుడు గొట్టం వేడిగా ఉండి అంతా లాగేస్తుంది. నిప్పులు బూడిద కప్పుకుని ఆరుతున్నప్పుడు గొట్టం చల్లబడి లాగడం తగ్గుతుంది. విషవాయువు పుట్టడం మాత్రం ఆగదు. సరిగ్గా అదే సమయంలో మనిషి వెచ్చగా ఉందని నిద్రలోకి జారుకుంటాడు. డ్యాంపర్ పూర్తిగా మూసి, నిప్పును దాచి పడుకోవడం అన్నిటికంటే ప్రమాదం. అందుకే గుడారానికి కింద ఒక సందు, పైన ఒక సందు ఎప్పుడూ తెరిచి ఉంచుతారు. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం వేలాడదీస్తారు. అరచేతిలో పట్టే ఆ పరికరం మనిషి ముక్కు పట్టలేని దాన్ని పట్టి కూత పెడుతుంది.

మన కొండల్లో ఇది పనికొస్తుందా?

కట్టె దొరికే చోటే కట్టెల పొయ్యి. ఎవరెస్టు మీద చెట్టు లేదు, పుల్ల లేదు. పూర్ణ, ఆనంద్ వెళ్లిన దారిలో పనికొచ్చేది గ్యాసే. చెట్లున్న మన కొండల్లో అడవి చట్టాలున్నాయి. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా కట్టె కొట్టకూడదు, నిప్పు రాజేయకూడదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగిలో చలి ఒక్కోసారి సున్నా దరిదాపులకు దిగుతుంది. ఆ ఊరికి 'కొర్రబయలు' అనే పేరు కూడా ఉంది. బయట ఉంటే కొయ్యలా బిగుసుకుపోతారని దాని అర్థం చెబుతారు. అయినా ఆ చలికి రెండు మంచి రగ్గులు, పొడి మేజోళ్లు, కింద మందపాటి చాప చాలు. పొయ్యి అక్కరలేదు.

కాబట్టి అలాంటి చోట్లకు వెళ్లే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోవాలి:

1. చలిమంట గుడారానికి దూరంగా, ఆరుబయట, అనుమతి ఉన్న చోటే వేయాలి. నీళ్లు పోసి పూర్తిగా ఆర్పి పడుకోవాలి.
2. ఆరిపోయినట్టు కనిపించే బొగ్గులను గిన్నెలో వేసి గుడారంలోకి గాని, గదిలోకి గాని, కారులోకి గాని తీసుకురాకూడదు.
3. గుడారంలో గ్యాసు స్టవ్వు వెలిగించకూడదు. వంట బయటే.
4. నిప్పు ఉన్న చోట ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వాంతి, మత్తు వస్తే అది చలి వల్ల కాదు. వెంటనే అందరినీ బయటి గాలికి తీసుకురావాలి. 108కి ఫోన్ చేయాలి.

అమ్మ పొయ్యికి గొట్టం ఏది?

నిప్పు లేనిదే పొగ రాదని సామెత. నిప్పును ఇక్కడ ఉంచి పొగను అక్కడికి పంపవచ్చని గొట్టం నేర్పింది. వారానికోసారి సరదాగా కొండకు పోయే మనిషికి రెండు మీటర్ల గొట్టం దొరికింది. రోజుకు రెండుపూటలా జీవితాంతం పొయ్యి ముందు కూర్చునే మన అమ్మలకు దొరకలేదు. ఇంటి లోపలి పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. గుడారంలో అయితే ఒక రాత్రిలో జరిగే అపాయం ఇంట్లో ముప్ఫై ఏళ్లలో మెల్లమెల్లగా జరుగుతుంది. తేడా అంతే.

ఈ సంగతి మన పెద్దలకు తెలియక కాదు. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాశాలకు చెందిన ఎస్.పి. రాజు అనే ఇంజనీరు 1950లలోనే మట్టి పొయ్యికి పొగ గొట్టం అమర్చి, దాన్ని పేదల ఇళ్లలో ఎలా కట్టుకోవాలో పుస్తకం రాశాడు. 1980లలో కేంద్ర ప్రభుత్వం పొగలేని పొయ్యిల పథకం పెట్టింది. తరువాత 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల పథకం గ్యాసు కనెక్షన్లు ఇచ్చాయి. చాలా ఇళ్లలో పొగ తగ్గింది. కాని సిలిండరు ధర చూసి చాయ్‌కి గ్యాసు, అన్నానికి, స్నానపు నీళ్లకు కట్టెలు అని పంచుకున్న ఇళ్లు మా ఊళ్లల్లో ఇంకా ఉన్నాయి. మా ఇళ్లూ వాటిలో ఉన్నాయి.

మనం ఇంట్లో మొదటి చదువరులం. భౌతికశాస్త్రంలో వేడి గాలి పైకి పోతుందని రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ ఒక్క వాక్యం మన వంటింటి కప్పు దాకా వెళ్లాలి. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు పొయ్యి పైన కప్పు వైపు ఒకసారి చూడండి. మసి ఎంత మందాన పట్టిందో చూస్తే, అందులో ఎంత భాగం అమ్మ ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటుందో అర్థమవుతుంది. గ్యాసు కొనగలిగితే కొనండి. కొనలేకపోతే పొయ్యి మీద ఒక సిమెంటు గొట్టం, కప్పు దాటి మూడడుగులు పైకి పెట్టించండి. అదీ కుదరకపోతే పొయ్యిని వసారాలోకి జరపండి. పొయ్యికి ఎదురుగా కింద ఒక సందు, పైన ఒక సందు తెరవండి. కట్టెలను వాన తగలకుండా ఆరబెట్టి ఉంచండి. ఇవేవీ పెద్ద చదువులు అక్కరలేని పనులు. కాని చదువుకున్న బిడ్డ చెబితే ఇంట్లో వింటారు.